హైదరాబాద్ నుంచి డాలస్‌కు అసలు దూరమెంత, ప్రయాణానికి పట్టే సమయమెంత?

మంజీర

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు సెప్టెంబర్ రెండో వారంలో హైదరాబాద్ నుంచి డాలస్‌లోని మా తమ్ముడి ఇంటికి వెళ్లి, నవంబర్ చివర్లో తిరిగి వస్తున్నారు. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. టికెట్లు దోహా మీదుగా తీసుకున్నాము. వాటిలోని వేళలు చూసినప్పటి నుంచి నాన్నగారు అడుగుతున్న ప్రశ్నలకు నేను సరైన సమాధానం చెప్పలేకపోతున్నాను.

టికెట్ ప్రకారం శంషాబాద్‌లో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి, దోహాకు ఉదయం 5:45కు చేరతారు. అక్కడ 8 గంటలకు రెండో విమానం ఎక్కి, అదే రోజు సాయంత్రం 4 గంటలకు డాలస్‌లో దిగుతారు. తిరుగు ప్రయాణంలో సోమవారం రాత్రి 7 గంటలకు డాలస్‌లో బయలుదేరి, మంగళవారం సాయంత్రం 6:30కు దోహాలో దిగి, 8 గంటలకు మరో విమానం ఎక్కి, బుధవారం తెల్లవారుజామున 2:30కు హైదరాబాద్ చేరతారు. గడియారం చూస్తే వెళ్లడానికి 12 గంటలు, రావడానికి 31న్నర గంటలు పడుతున్నట్టు కనిపిస్తోంది. దూరం లెక్కించే ఒక వెబ్‌సైట్‌లో ఈ రెండు విమానాశ్రయాల మధ్య సుమారు 14,400 కి.మీ. అనీ, 16 గంటల పైచిలుకు ప్రయాణమనీ ఉంది. ఈ మూడింటిలో ఏది నిజమో అర్థం కాలేదు.

ఊరికే తెలుసుకోవాలని అడగడం లేదు. అమ్మ రోజూ రాత్రి ఇన్సులిన్ తీసుకుంటుంది. ఇంట్లో బయలుదేరిన తర్వాత నిజంగా ఎన్ని గంటలు గడుస్తాయో తెలిస్తే తప్ప, ఏ వేళకు ఎంత వేసుకోవాలని డాక్టరు గారిని అడగలేను. దయచేసి వివరంగా చెప్పగలరు.

లెక్కల మాస్టారు

మంజీర గారూ, ముందు సమయం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీకు అత్యవసరంగా కావలసింది అదే. టికెట్ మీద ముద్రించే ప్రతి వేళా ఆ ఊరి స్థానిక సమయం. కాబట్టి రెండు వేర్వేరు ఊళ్ల వేళలను నేరుగా తీసివేస్తే వచ్చే సంఖ్యకు అర్థం ఉండదు. అన్నింటినీ ముందుగా ఒకే కాలమానంలోకి, అంటే ప్రపంచమంతా కొలబద్దగా వాడే యూటీసీలోకి మార్చుకుని ఆ తర్వాత తీసివేయాలి.

భారత కాలమానం యూటీసీ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. దోహా 3 గంటలు ముందుంటుంది. డాలస్ సెప్టెంబర్‌లో 5 గంటలు వెనుక ఉంటుంది. ఇప్పుడు వెళ్లే ప్రయాణం చూడండి. హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4 గంటలంటే యూటీసీలో ముందురోజు రాత్రి 10:30. డాలస్‌లో సాయంత్రం 4 గంటలంటే యూటీసీలో రాత్రి 9. ఈ రెండింటి మధ్య గడిచినది 22 గంటల 30 నిమిషాలు. ముక్కలుగా కూడినా అదే వస్తుంది: హైదరాబాద్ నుంచి దోహాకు 4 గంటల 15 నిమిషాలు, దోహాలో నిరీక్షణ 2 గంటల 15 నిమిషాలు, అక్కడి నుంచి డాలస్‌కు 16 గంటలు.

తిరుగు ప్రయాణంలో ఒక మెలిక ఉంది. అమెరికాలో గడియారాలను గంట ముందుకు జరిపే వేసవి కాలమానం మార్చి రెండో ఆదివారం మొదలై నవంబర్ మొదటి ఆదివారంతో ముగుస్తుంది. మీ వాళ్లు వెళ్లేటప్పుడు డాలస్‌కూ హైదరాబాద్‌కూ తేడా పదిన్నర గంటలు, వచ్చేనాటికి పదకొండున్నర గంటలు. అందువల్ల గడియారం చూపించే 31న్నర గంటల్లోంచి 11న్నర తీసేయాలి, మిగిలేది సరిగ్గా 20 గంటలు. డాలస్ నుంచి దోహాకు 14న్నర, అక్కడ గంటన్నర, దోహా నుంచి హైదరాబాద్‌కు 4 గంటలు. డాక్టరు గారికి ఈ రెండు సంఖ్యలూ, 22న్నర, 20, చెప్పండి. అయితే అవి మొదటి విమానం కదిలినప్పటి నుంచి చివరి విమానం ఆగేదాకా మాత్రమేనని కూడా చెప్పండి. ఇంటి నుంచి శంషాబాద్ వెళ్లడం, మూడు గంటల ముందు చేరడం, డాలస్‌లో ఇమిగ్రేషన్ వరుసలో నిలబడడం, సామాను తీసుకుని తమ్ముడి ఇల్లు చేరడం వీటిలో లేవు. వాటిని కూడా కలిపితే ఇంటి గడప నుంచి ఇంటి గడపకు 28 గంటలకు తక్కువ కాదు.

ఇక దూరం. వెబ్‌సైట్ చెప్పిన 14,400 కి.మీ. అబద్ధం కాదు, కానీ అది మీ అమ్మానాన్నలు వెళ్లబోయే దారి కాదు. ఆ వెబ్‌సైట్లు రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలను తీసుకుని, భూమి ఉపరితలం మీద వాటి మధ్య అతి దగ్గరి దారిని, అంటే మహావృత్త రేఖను లెక్కిస్తాయి. శంషాబాద్ 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. డాలస్ విమానాశ్రయం 32.90 డిగ్రీల ఉత్తరం, 97.04 డిగ్రీల పడమర వద్ద ఉంది. రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీలు దాటింది, అంటే డాలస్ దాదాపుగా మనకు భూగోళం అవతలి వైపున ఉంది. అలాంటప్పుడు దగ్గరి దారి తూర్పుకో పడమరకో ఉండదు, నేరుగా ఉత్తరానికి ఉంటుంది.

ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని, ఒక కొనను హైదరాబాద్ మీద వేలితో నొక్కి పట్టి, రెండో కొనను డాలస్ దాకా లాగి బిగించి చూడండి. దారం అట్లాంటిక్ వైపు వెళ్లనే వెళ్లదు. ఢిల్లీ పక్క నుంచి కారాకోరం పర్వతాలు దాటి, కజకిస్తాన్‌లోని బల్ఖాష్ సరస్సు, సైబీరియాలోని ఓమ్స్క్ మీదుగా ఆర్కిటిక్ సముద్రంలోకి వెళ్లి, ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దూరంలో మలుపు తిరిగినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత కెనడాలోని ఎల్స్‌మియర్ దీవి, హడ్సన్ బే పడమటి భాగం, మిన్నెసోటా, కాన్సస్ మీదుగా టెక్సస్‌లోకి దిగుతుంది. గోడ మీది చదును పటంలో ఇదే దారిని గీస్తే పెద్ద విల్లులా కనిపించి, చుట్టు తిరిగి వెళుతున్నారేమో అనిపిస్తుంది. నిజానికి చుట్టు దారి ఏదైనా ఉందంటే అది పటంలో తిన్నగా కనిపించేదే.

మీ వాళ్లు వెళ్లేది దోహా మీదుగా. హైదరాబాద్ నుంచి దోహా సుమారు 2,900 కి.మీ., దోహా నుంచి డాలస్ సుమారు 12,750 కి.మీ., మొత్తం 15,650 కి.మీ. అంటే దగ్గరి దారి కంటే ఎక్కువయ్యేది సుమారు 1,250 కి.మీ. మాత్రమే. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా దూరం సుమారు 20,000 కి.మీ. దాటదు కాబట్టి, మీ అమ్మానాన్నలు మనిషి వెళ్లగలిగిన గరిష్ఠ దూరంలో మూడొంతులకు పైగా ఒక్క రోజులో ప్రయాణిస్తున్నారు. ఈ మాట మీ నాన్నగారికి తప్పకుండా చెప్పండి.

మంజీర

మాస్టారు గారూ, ఎంతో ఓపికగా చెప్పారు, ధన్యవాదాలు. మీరు వేసిన లెక్కను కాగితం మీద రాసి నాన్నగారికి చూపించాను. ఆయన వెంటనే మరో రెండు ప్రశ్నలు వేశారు. అదే దారిలో వెళ్లే విమానం దోహా నుంచి డాలస్‌కు 16 గంటలు తీసుకుంటూ, వచ్చేటప్పుడు 14న్నర గంటలే ఎందుకు తీసుకుంటుంది? ఇంత మంది తెలుగువాళ్లు డాలస్‌లో ఉన్నప్పుడు నేరుగా ఒక విమానం ఎందుకు లేదు?

నీలిగగనం

నేను ఒక విమానయాన సంస్థలో ఫ్లైట్ డిస్పాచ్ విభాగంలో పనిచేస్తున్నాను. ప్రతి విమానానికీ ఆ రోజు ఏ దారిలో వెళ్లాలో, ఎంత ఇంధనం నింపాలో లెక్క వేయడమే మా పని కాబట్టి, మీ నాన్నగారి ప్రశ్నలు నాకు చాలా నచ్చాయి.

మొదటి ప్రశ్నకు సమాధానం గాలి. భూమధ్య రేఖకూ ధ్రువాలకూ మధ్య అక్షాంశాలలో, 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున, పడమర నుంచి తూర్పుకు ఉధృతంగా వీచే గాలి ప్రవాహాలు ఉంటాయి. వాటిని జెట్ స్ట్రీమ్ అంటారు. పెద్ద విమానాలు ఎగిరేది సరిగ్గా ఆ ఎత్తులోనే. గోదావరిలో ఎదురీదే పడవకూ వాలులో పోయే పడవకూ ఉన్న తేడాయే ఇక్కడా ఉంటుంది. గాలితో పోలిస్తే విమానం వేగం రెండు వైపులా గంటకు సుమారు 900 కి.మీ. కానీ నేలతో పోలిస్తే మారిపోతుంది. దోహా–డాలస్ మధ్య 12,750 కి.మీ. మీద సగటున 60 కి.మీ. ఎదురుగాలి ఉందనుకుంటే నేల వేగం 840 అవుతుంది, ఆకాశంలోనే 15 గంటల పైన పడుతుంది. తిరుగు దారిలో అంతకు కాస్త తక్కువగా 40 కి.మీ. అనుకూల గాలి లభించినా 13న్నర గంటల్లో వచ్చేస్తారు. దీనికి రన్‌వే దాకా నెమ్మదిగా నడిచే సమయం, పైకి ఎక్కడం, కిందికి దిగడం కలిపితే టికెట్‌లో ఉన్న అంకెలు వస్తాయి. టికెట్‌లో ఉండేది గేటు నుంచి గేటుకు పట్టే సమయం, మేము దానిని బ్లాక్ టైమ్ అంటాము. సీటు ముందున్న తెరలో మ్యాప్ పెట్టుకుంటే నేల వేగం, ఎదురుగాలి లేదా వెనుకగాలి, బయటి ఉష్ణోగ్రత వరుసగా వస్తుంటాయి. వచ్చేటప్పుడు అట్లాంటిక్ మీద నేల వేగం వెయ్యి దాటడం నాన్నగారు స్వయంగా చూడవచ్చు. చలికాలంలో ధ్రువానికీ ఉష్ణమండలానికీ వేడిమిలో తేడా పెరుగుతుంది కాబట్టి ఈ గాలులు మరింత బలంగా ఉంటాయి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. పోయేటప్పుడు పోయిన సమయం వచ్చేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు. గాలి రెండు వైపులా 100 కి.మీ. అనుకుని లెక్క వేసి చూడండి, గాలి లేని రోజున రానూపోనూ పట్టే సమయం కంటే ఇరవై నిమిషాలు ఎక్కువే వస్తుంది. ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాము, అనుకూల గాలిలో తక్కువ సేపు ఉంటాము, అదే కారణం.

దూరం చూసి సమయం చెప్పలేమని అనడానికి ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో మార్గం కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 2015 డిసెంబర్‌లో ఎయిర్ ఇండియా ఆ మార్గాన్ని ప్రారంభించినప్పుడు విమానం అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కి.మీ. వెళ్లేది. 2016 అక్టోబర్‌లో వెళ్లే దారిని పసిఫిక్ వైపుకు మార్చారు. దూరం 15,300 కి.మీ. అయింది, అంటే 1,400 కి.మీ. పెరిగింది. అయినా జెట్ స్ట్రీమ్‌ను వెన్ను దన్నుగా చేసుకుని 14న్నర గంటల్లో, పాత దారి కంటే ముందుగానే చేరింది. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ అట్లాంటిక్ మీదుగా, అప్పుడు కూడా గాలి వాలునే వచ్చేది. ఇలా ఒక విమానం రానూపోనూ కలిపి భూమిని పూర్తిగా చుట్టి వచ్చేది. అందుకే వెబ్‌సైట్లలో కిలోమీటర్ల పక్కన రాసే గంటలను, కనీసం ఇంత దూరపు ప్రయాణాలలో, నేను లెక్కలోకి తీసుకోను. అవి దూరాన్ని ఒక సగటు వేగంతో భాగించి రాసినవి మాత్రమే.

రెండో ప్రశ్న. 14,400 కి.మీ. నేటి విమానాలకు అందని దూరం కాదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి లండన్‌కు దాదాపు ఇంతే దూరం, 2018 మార్చి నుంచి క్వాంటాస్ సంస్థ దానిని నేరుగా నడుపుతోంది. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కి.మీ. పైనే, ఆ విమానం దాదాపు 19 గంటలు ఆకాశంలో ఉంటుంది. అయితే అంత ఇంధనం మోయాలంటే మనుషులను తగ్గించుకోవాలి. ఆ ఎయిర్‌బస్ ఏ350లో 161 సీట్లు మాత్రమే ఉంటాయి, వాటిలో మామూలు ఎకానమీ సీటు ఒక్కటీ లేదు. ఇంధనంలో కొంత భాగం మిగతా ఇంధనాన్ని మోయడానికే కాలిపోతుంది కాబట్టి, దూరం పెరిగేకొద్దీ ఖర్చు అంతకంటే వేగంగా పెరుగుతుంది. టికెట్ ధర చూసి కొనే కుటుంబాలు ఎక్కువగా ఉన్న మార్గంలో ఇది సంస్థలకు పెద్ద అడ్డంకి. మన శంషాబాద్ నుంచి షికాగోకు 2021 జనవరిలో ఎయిర్ ఇండియా నేరుగా విమానం ప్రారంభించింది, కానీ అది తర్వాత ఆగిపోయింది.

మాస్టారు గారు చెప్పిన దారం దారిలో మరో చిక్కు ఉంది. విమానం లోపల గాలి పీడనం అకస్మాత్తుగా పడిపోతే పైలట్ వెంటనే 10,000 అడుగుల ఎత్తుకు, అంటే సుమారు 3 కి.మీ.కు దించాలి. కారాకోరం, టిబెట్ ప్రాంతాలలో నేలే అంతకంటే ఎత్తున ఉంటుంది కాబట్టి, తప్పించుకునే దారులు ముందే గీసి ఉంచుకుంటే తప్ప అటు వెళ్లడానికి వీలుండదు. ధ్రువం దగ్గర ఇంకొక జాగ్రత్త అవసరం. మన దగ్గర నింపే జెట్ ఏ1 ఇంధనం సున్నాకు దిగువన 47 డిగ్రీల వద్ద, అమెరికాలో నింపే జెట్ ఏ ఇంధనం 40 డిగ్రీల వద్ద గడ్డకట్టడం మొదలవుతుంది. రెక్కల్లోని ఇంధనం అంత చల్లబడుతుంటే పైలట్లు కిందికి దిగడమో వేగం పెంచడమో చేయాలి.

లెక్కల మాస్టారు

నీలిగగనం గారూ, మీ వివరణ చదివి నాకే ఎన్నో కొత్త విషయాలు తెలిశాయి. అయితే దూరాన్ని అంత తేలికగా పక్కన పెట్టకూడదని నా అభిప్రాయం. గాలి రోజూ మారుతుంది, దేశాల సరిహద్దులు మూతపడి తెరుచుకుంటాయి, కానీ రెండు ఊళ్ల మధ్య మహావృత్త దూరం మారదు. ఏ నగరం మీదుగా వెళితే ఎంత చుట్టు అవుతుందో పోల్చుకోవడానికి అదే కొలబద్ద. దుబాయ్ మీదుగా వెళితే మొత్తం సుమారు 15,460 కి.మీ., దోహా మీదుగా 15,650 కి.మీ. ఈ 200 కి.మీ. తేడా పావుగంటకు మించదు కాబట్టి, ఆ రెండింటి మధ్య ఎంచుకునేటప్పుడు చూడవలసింది దూరం కాదు, మధ్యలో ఆగే సమయం. ఈ నిర్ణయం కూడా దూరం తెలిస్తేనే తీసుకోగలం కదా.

నీలిగగనం

పోల్చుకోవడానికి దూరం ఉపయోగపడుతుందన్న మాట ఒప్పుకుంటాను. సమయాన్ని దాని నుంచి ఊహించవద్దన్నదే నా మాట. దోహా–డాలస్ మహావృత్త రేఖను గీసి చూస్తే అది ఇరాక్, టర్కీ దాటి, ఉక్రెయిన్ మీదుగా, నార్వే దక్షిణ భాగం, ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ దక్షిణ భాగం మీదుగా వెళుతుంది. ఉక్రెయిన్ గగనతలం 2022 ఫిబ్రవరి 24 నుంచి పౌర విమానాలకు మూసి ఉంది. కాబట్టి ఆ రేఖ మీద ఏ విమానమూ ఎగరడం లేదు, పక్కకు తొలగి కొన్ని వందల కిలోమీటర్లు ఎక్కువ తిరుగుతున్నాయి. 2025 జూన్‌లో ఇరాన్ గగనతలం మూతపడింది, అదే నెల 23న కతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలపాటు మూసివేయడంతో దోహాకు వెళ్లవలసిన విమానాలు దారి మళ్లాయి. భారతీయ సంస్థలకు 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసివేసిన తర్వాత, ఢిల్లీ నుంచి అమెరికాకు వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం ఐరోపాలో ఆగవలసి వచ్చింది. మంజీర గారూ, అందుకే ప్రయాణానికి ముందురోజూ, బయలుదేరే రోజూ వేళలను మరోసారి చూసుకోండి. విమానం నంబరు తెలిస్తే, గడిచిన వారం రోజులుగా అదే విమానం నిజంగా ఎన్ని గంటలు ఎగిరిందో విమానాల జాడ చూపించే వెబ్‌సైట్లలో కనిపిస్తుంది. ఏ లెక్క కంటే కూడా అది నమ్మదగినది.

ఫ్రిస్కో తెలుగు

మంజీర గారూ, మేము డాలస్ శివారులో ఉంటాము, మా అత్తమామలు ఇదే దారిలో వస్తుంటారు. దూరం, గాలి గురించి పెద్దలు చెప్పారు కాబట్టి మీ టికెట్‌లో నాకు ఆందోళన కలిగించిన ఒక్క విషయం చెబుతాను. తిరుగు ప్రయాణంలో దోహాలో గంటన్నర మాత్రమే ఉంది. పద్నాలుగున్నర గంటలు కూర్చుని వచ్చిన పెద్దవాళ్లు విమానం దిగి, మళ్లీ సెక్యూరిటీ తనిఖీ దాటి, మరో గేటుకు నడవాలి. రెండో విమానం బోర్డింగ్ అరగంటకు పైగా ముందే మొదలవుతుంది. మొదటి విమానం నలభై నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఇబ్బంది పడతారు. రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉంటే తర్వాతి విమానంలో పంపిస్తారు, నిజమే, కానీ అర్ధరాత్రి తెలియని చోట కూర్చోవడం మొదటిసారి వెళ్లేవాళ్లకు కష్టం. వీలైతే ఆ తర్వాతి విమానానికి మార్పించండి. మార్పు కుదరకపోతే ఇద్దరికీ వీల్‌చైర్ సహాయం ఇప్పుడే నమోదు చేయించండి, అప్పుడు సిబ్బంది దగ్గరుండి తీసుకువెళతారు.

ఇన్సులిన్‌ను చెక్ ఇన్ సామానులో పెట్టవద్దు. సామాను ఉంచే అరలో అది గడ్డకట్టే ప్రమాదం ఉంది. డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే ఉంచండి. నేను మా అత్తగారికి ఒక చిన్న కాగితం రాసి ఇస్తాను. అందులో ఒక వైపు భారత కాలమానంలో మందులు, భోజనం వేళలు, రెండో వైపు అదే క్షణానికి దోహాలో, డాలస్‌లో ఎన్ని గంటలవుతుందో ఉంటాయి. ఆమె చేతి గడియారాన్ని ఇల్లు చేరేదాకా మార్చరు, కాగితం చూసి మాత్ర వేసుకుంటారు. మీ అమ్మగారికి ఎంత ఇన్సులిన్, ఎప్పుడు అన్నది మాత్రం డాక్టరు గారే నిర్ణయించాలి.

మంజీర

అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజే ఏజెంటుకు ఫోన్ చేశాను. తిరుగు ప్రయాణంలో దోహా నుంచి తెల్లవారుజామున 2 గంటలకు బయలుదేరే విమానంలో సీట్లు ఉన్నాయని చెప్పారు. దానికి మారిస్తే అక్కడ ఏడున్నర గంటలు ఆగవలసి వస్తుంది, మొత్తం ప్రయాణం 20 నుంచి 26 గంటలకు పెరుగుతుంది. గంటన్నరలో పరుగెత్తడం కంటే అదే మేలని నాన్నగారు అన్నారు. డాక్టరు గారితో శనివారం మాట్లాడతాము. 22న్నర, 26 అని రెండు అంకెలూ, మందుల కాగితమూ తీసుకుని వెళ్తున్నాము.